బుజ్జాయికీ ఓ సీటు!

కారు కొనేటప్పుడు రంగు చూస్తాం, మైలేజీ చూస్తాం, డిక్కీలో ఎన్ని సూట్‌కేసులు పడతాయో చూస్తాం. ముందు నాన్న, పక్కన తాతయ్య, వెనక అమ్మ, నానమ్మ, పెద్దాడు... అందరి చోటూ లెక్కేసుకుంటాం. మరి ఏడాది నిండని బుజ్జాయికి? 'దానిదేముంది, ఒళ్లో కూర్చుంటుంది' అనేస్తాం. నిజానికి ఆ కారులో అందరికంటే ముందు సీటు చూడాల్సింది దానికే!

కూతురి పురుటికని అమెరికా వెళ్లొచ్చిన అమ్మమ్మలు చెప్పే కబుర్లలో ఇదొకటి తప్పకుండా ఉంటుంది. కాన్పయింది. ఇక ఇంటికి వెళ్లొచ్చన్నారు. మనవరాలిని పొత్తిగుడ్డల్లో చుట్టి గుండెకు హత్తుకుని బయల్దేరబోతుంటే నర్సు అడ్డొచ్చింది. 'కార్లో పాపకు సీటుందా?' అని అడిగింది. అక్కడ చాలా ఆస్పత్రుల్లో సీటు చూపిస్తేగానీ పసిబిడ్డను ఇంటికి పంపరు. రెండు రోజుల పిల్లకు సీటేమిటని అమ్మమ్మకు ఆశ్చర్యం. ఇల్లు చేరేదాకా పిల్లను తాకనివ్వలేదని కాస్త కోపం కూడా.

ఏడాది గడిచింది. అదే కూతురు, అదే మనవరాలు శంషాబాద్‌లో విమానం దిగారు. సామాను డిక్కీలో సర్దారు. అమ్మమ్మ వెనక సీట్లో కూర్చుని చేతులు చాచింది. పాప ఒళ్లోకి చేరిపోయింది. కారు ఔటర్ రింగ్‌రోడ్డెక్కి వంద మీద పరుగెత్తుతోంది. అక్కడ ఏడాదిపాటు ఒక్కరోజు కూడా సీటు తప్పించని ఆ తల్లి, ఇక్కడ 'మన ఊళ్లో ఇవన్నీ ఎవరు చూస్తార్లే' అనుకుంది.

ఊరు మారింది. చట్టం అమలయ్యే తీరు మారింది. కానీ బ్రేకు వేస్తే ముందుకు తూలడం అక్కడైనా ఇక్కడైనా ఒకటే కదా!

ఒడి ఎందుకు చాలదు?

'నేను గట్టిగా పట్టుకుంటానుగా' అంటారు అమ్మలు. పట్టుకోలేరు. అది ప్రేమకు సంబంధించిన విషయం కాదు, లెక్కకు సంబంధించినది. గంటకు 50 కిలోమీటర్ల వేగంతో వెళ్తున్న కారు దేన్నయినా ఢీకొని ఆగిపోయిందనుకోండి. కారు ఆగుతుంది. లోపలున్న మనుషులు మాత్రం అదే 50 కిలోమీటర్ల వేగంతో ముందుకు పోతారు. ఆ తాకిడి సుమారు 10 మీటర్ల ఎత్తు నుంచి, అంటే మూడంతస్తుల మేడ మీంచి పడినదానితో సమానం.

ఆ క్షణంలో శరీరం మీద పడే బలం మన బరువుకు 20, 30 రెట్లు ఉండొచ్చు. పది కిలోల పాపాయిని ఆపాలంటే 200 నుంచి 300 కిలోల బరువును ఆపినంత పని. పాతిక కిలోల బియ్యం బస్తాలు ఎనిమిది నుంచి పన్నెండు ఒక్కసారిగా మీద పడితే ఏ చేతులు ఆపగలవు? అదీ రెప్పపాటు సమయంలో, ముందస్తు హెచ్చరిక లేకుండా. అమ్మ సీటు బెల్టు పెట్టుకోకపోతే మరీ ప్రమాదం. ముందు సీటుకీ అమ్మ శరీరానికీ మధ్య బిడ్డే నలిగిపోతుంది. పోనీ ఇద్దరికీ కలిపి ఒకటే బెల్టు పెడితే? అది ఇంకా ఘోరం. అమ్మ బరువంతా బిడ్డ మీదే పడుతుంది. బిడ్డను గుండెకు కట్టుకునే బేబీ క్యారియర్ కూడా నడవడానికే, కారు ప్రయాణానికి కాదు.

ఈ ఒడి గురించే అమెరికాలో ఓ పెద్ద వాదన జరిగింది. అక్కడ పిల్లల సీటును తప్పనిసరి చేసిన మొదటి రాష్ట్రం టెనెసీ. రాబర్ట్ శాండర్స్ అనే పిల్లల డాక్టరు శాసనసభ్యుల వెంటపడి మరీ ఆ చట్టం తెప్పించారు. 1978 జనవరి 1న అది అమల్లోకి వచ్చింది. అయితే అందులో ఓ మినహాయింపు చేర్చారు... పెద్దవాళ్లు చేతుల్లో ఎత్తుకుంటే సీటు అక్కర్లేదని. వినడానికి ఎంత ముచ్చటగా ఉందో! కానీ సంగతి తెలిసినవాళ్లు దానికి 'పిల్లల్ని నలిపేసే సవరణ' అని పేరుపెట్టారు. చివరికి 1981లో ఆ మినహాయింపును తీసేశారు. 1985కల్లా అమెరికాలోని అన్ని రాష్ట్రాల్లోనూ పిల్లల సీటు చట్టాలు వచ్చాయి. సరిగ్గా బిగించిన సీటు, కార్లలో ప్రయాణించే ఏడాదిలోపు పిల్లల మరణాలను 71 శాతం, ఒకటి నుంచి నాలుగేళ్ల పిల్లల మరణాలను 54 శాతం తగ్గిస్తుందని అక్కడి రహదారి భద్రతా సంస్థ లెక్క.

మన దగ్గరా చట్టం ఉంది. 2019లో సవరించిన మోటారు వాహనాల చట్టంలోని 194-బి సెక్షన్ ప్రకారం 14 ఏళ్లలోపు పిల్లలకు సీటు బెల్టుగానీ, పిల్లల సీటుగానీ లేకుండా కారు నడిపితే వెయ్యి రూపాయల జరిమానా. కానీ వెయ్యి రూపాయల కోసం కాదు కదా మనం బిడ్డను కాపాడుకునేది!

వెనక్కి తిరిగి కూర్చుంటేనే...

పసిపిల్లల సీటును కారు వెనక అద్దం వైపు ముఖం ఉండేలా బిగిస్తారు. చూసినవాళ్లకు వింతగా ఉంటుంది. 'పాపం, బయటేం కనిపిస్తుంది?' అని నానమ్మలు జాలిపడతారు. కానీ అందులోనే ఉంది కిటుకంతా.

పుట్టిన బిడ్డ పొడవులో దాదాపు నాలుగో వంతు తలే. దాన్ని మోసే మెడ ఎముకలు ఇంకా గట్టిపడి ఉండవు. ముందుకు తిరిగి కూర్చున్నప్పుడు కారు ఢీకొంటే పట్టీలు ఒంటిని ఆపుతాయి. తల మాత్రం విసురుగా ముందుకు పోతుంది. ఆ లాగుడంతా మెడ మీదే. అదే వెనక్కి తిరిగి ఉంటే తల, మెడ, వీపు మూడూ కలిసి సీటులోకి ఒదిగిపోతాయి. తాకిడి వీపంతా పరచుకుంటుంది. 

ఈ ఆలోచన స్వీడన్‌లో పుట్టింది. అమెరికా జెమిని వ్యోమనౌకల్లో వ్యోమగాములు వీపు ఆనించి పడుకునే సీట్లు బెర్టిల్ ఆల్డ్‌మన్ అనే ప్రొఫెసర్‌ను ఆకట్టుకున్నాయి. ఆ స్ఫూర్తితో ఆయన తయారుచేసిన సీటు నమూనాను 1964లో వోల్వో కారులో పరీక్షించారు. అంటే మన పాపాయి కూర్చునేది వ్యోమగామి సీటులోనన్నమాట!

ఏ వయసుకు ఏ సీటు?

వయసు ఒక్కటే చూస్తే చాలదు. బరువు, ఎత్తు కూడా చూడాలి. ఏ సీటు ఎంత వరకో దాని మీదే రాసి ఉంటుంది.

• పుట్టినప్పటి నుంచి: వెనక్కి తిరిగిన సీటు. బుట్టలా చేత్తో పట్టుకెళ్లే రకాలు సాధారణంగా 13 కిలోల వరకూ పనికొస్తాయి. ఒకే సీటును మొదట వెనక్కి, తర్వాత ముందుకు తిప్పుకునే రకాలూ ఉన్నాయి. ఇవి 18 కిలోలు, కొన్ని అంతకుమించి కూడా వస్తాయి. ఒకటే కొనగలం అనుకునేవాళ్లకు ఇదే మేలు. యూరప్ కొత్త ప్రమాణం ప్రకారం కనీసం 15 నెలల దాకా వెనక్కే తిరిగి ఉండాలి. అమెరికా పిల్లల డాక్టర్ల సంఘమైతే ఆ సీటు అనుమతించే బరువు, ఎత్తు దాటేదాకా తిప్పొద్దనే చెబుతోంది. కాళ్లు ముడుచుకోవాల్సి వస్తోందని కంగారుపడి ముందే తిప్పేయకండి. పిల్లలకు మఠం వేసుకుని కూర్చోవడం కష్టమేం కాదు.

• ఆ తర్వాత: ముందుకు తిరిగిన సీటు. రెండు భుజాలకు రెండు, నడుముకు రెండు, కాళ్ల మధ్య ఒకటి... మొత్తం అయిదు పట్టీలతో పిల్లల్ని పట్టి ఉంచుతుంది.

• సుమారు నాలుగేళ్లు దాటి, ఆ సీటు సరిపోనప్పుడు: బూస్టర్. కారు బెల్టే వాడతారు. కాకపోతే పిల్లను కాస్త ఎత్తులో కూర్చోబెట్టి, బెల్టు సరైన చోట పడేలా చేస్తుంది. వీపు, తల పక్కలకు దన్ను ఉన్నది మంచిది.

• పెద్దల బెల్టు: ఎత్తు సుమారు 145 సెంటీమీటర్లు వచ్చాకే. మన పిల్లల్లో చాలామందికి అందుకు 11, 12 ఏళ్లు పడుతుంది. వీపు సీటుకు పూర్తిగా ఆనాలి. మోకాళ్లు సీటు అంచు దగ్గర వంగాలి. కింది బెల్టు పొట్ట మీద కాక తొడల మీదుగా, పై బెల్టు మెడకు తగలకుండా భుజం మధ్యగా పోవాలి. ఇవన్నీ కుదిరితేనే బూస్టర్ తీసేయండి. పొట్ట మీద పడిన బెల్టు ప్రమాదంలో పేగులను, కాలేయాన్ని దెబ్బతీస్తుంది.

కొనేముందు...

ఖరీదు ఎక్కువైతే భద్రత ఎక్కువనుకోవద్దు. మెత్తటి దిండ్లకీ, గుండ్రంగా తిరిగే సదుపాయానికీ కూడా డబ్బులు తీసుకుంటారు. మీరు మొదట చూడాల్సింది సీటు వెనకో అడుగునో అంటించిన చీటీ. మన దేశపు ప్రమాణం ఏఐఎస్-072. ఐరోపా ప్రమాణమైతే వృత్తంలో 'ఈ' అక్షరం, పక్కనే ఓ అంకె ఉంటాయి. అందులో ఆర్44 పాతది, 2013లో వచ్చిన ఆర్129 కొత్తది. పాతదాంట్లో బరువును బట్టి, కొత్తదాంట్లో ప్రధానంగా ఎత్తును బట్టి సీటు ఎంచుకోవాలి. ఏ చీటీ లేని సీటు ఎంత చవగ్గా వచ్చినా వద్దు.

రెండోది మీ కారు. వెనక సీటులో కూర్చునే చోటుకీ, వీపు ఆనే చోటుకీ మధ్య చెయ్యి పెట్టి తడమండి. లోపల ఇనుప కొక్కేల్లాంటివి రెండు తగులుతున్నాయా? అవే ఐసోఫిక్స్ బిగింపులు. అవి ఉంటే సీటు 'టక్' మని అతుక్కుంటుంది. తప్పు జరిగే అవకాశం తక్కువ. లేకపోతే కారు బెల్టుతో బిగించే సీటు తీసుకోండి. సరిగ్గా బిగిస్తే అదీ భద్రమే. అయితే చిన్న కార్లలో కొన్నిసార్లు బెల్టు పొడవు చాలదు. వెనక మధ్యలో కొన్ని కార్లకు నడుం బెల్టు మాత్రమే ఉంటుంది. అందుకే వీలైతే దుకాణం దగ్గరే మీ కారులో పెట్టి చూశాకే డబ్బులు కట్టండి. ముందు సీటును ఎంత జరపాల్సి వస్తుందో కూడా అప్పుడే తెలుస్తుంది.

మూడోది బంధువుల దగ్గర్నుంచి వచ్చే సీటు. అక్క పిల్లాడి సీటు తమ్ముడి కూతురికి ఇవ్వడం మన ఇళ్లలో మామూలే. దాని చరిత్ర మీకు పూర్తిగా తెలిస్తేనే తీసుకోండి. ఒకసారి ప్రమాదంలో పడిన సీటు పైకి బాగానే కనిపించినా లోపల పగుళ్లుండొచ్చు. ఎండకు ప్లాస్టిక్ పెళుసుబారుతుంది. అందుకే చాలా సీట్లకు గడువు తేదీ ఉంటుంది.

అమెరికా నుంచి తెచ్చుకునేవాళ్లకు ఇంకో జాగ్రత్త. అక్కడి కార్లలో చాలావరకు బెల్టును పూర్తిగా బయటికి లాగి వదిలితే అక్కడికక్కడ బిగుసుకుని, మళ్లీ వదులవదు. అక్కడి సీట్లు దాన్ని నమ్ముకుని తయారవుతాయి. మన కార్లలో చాలావాటి బెల్టులు అలా కావు, కుదుపు వస్తేనే పట్టేస్తాయి. కాబట్టి సీటుకే సొంతంగా బెల్టును బిగించే క్లిప్పు ఉందో లేదో చూసుకోవాలి.

బిగించేదిలా...

సీటు కొనడం సగం పనే. వదులుగా బిగించిన సీటు పక్కన పడేసిన కుర్చీతో సమానం. ఓ ఆదివారం పూట పిల్లల్ని ఇంట్లో ఉంచి, సీటు పుస్తకం, కారు పుస్తకం రెండూ ముందు పెట్టుకుని తీరిగ్గా కూర్చోండి.

• సీటు ఎప్పుడూ వెనకే. ఎయిర్‌బ్యాగ్ పనిచేస్తున్న ముందు సీటులో వెనక్కి తిరిగిన పిల్లల సీటు పెట్టనేకూడదు. ఎయిర్‌బ్యాగ్ విచ్చుకుంటే సరిగ్గా బిడ్డ తల వెనకే కొడుతుంది. 13 ఏళ్లలోపు పిల్లలందరికీ వెనక సీటే సురక్షితం.

• వెనక ఎడమవైపు మనకు అనువు. పిల్లల్ని ఎక్కించేటప్పుడు, దించేటప్పుడు రోడ్డు వైపు కాకుండా అంచు వైపు నిలబడొచ్చు.

• బెల్టు ఏ దారిన పోవాలో సీటు మీద గుర్తులుంటాయి. రెండువైపులా తిప్పుకునే సీట్లకు సాధారణంగా నీలం గుర్తులు వెనక్కి తిరిగినప్పుడు, ఎరుపు గుర్తులు ముందుకు తిరిగినప్పుడు. బెల్టు మెలిక పడకూడదు.

• సీటు మీద మోకాలితో గట్టిగా నొక్కుతూ బెల్టు లాగండి. తర్వాత బెల్టు పోయే చోట సీటును పట్టుకుని అటూ ఇటూ ఊపండి. అంగుళం కంటే ఎక్కువ కదిలితే మళ్లీ మొదటికి రండి.

• ఐసోఫిక్స్ అయితే రెండువైపులా ఆకుపచ్చ గుర్తు కనిపించాలి. అంతటితో అయిపోలేదు. పైన ఓ పట్టీ గానీ, కింద కాలు గానీ ఉంటుంది. పట్టీని కారు సీటు వెనకున్న కొక్కేనికి తగిలించాలి. కాలును నేలకు గట్టిగా ఆనేలా దించాలి. చాలామంది మర్చిపోయేది ఇదే.

• రోజుల పిల్లల సీటు వెనక్కి వాలి ఉండాలి. ఎంత వాలాలో సీటు మీదే గుర్తుంటుంది. మరీ నిటారుగా ఉంటే బిడ్డ తల ముందుకు వాలిపోయి ఊపిరి అందదు.

కూర్చోబెట్టేదిలా...

వెనక్కి తిరిగిన సీటులో భుజం పట్టీలు బిడ్డ భుజాల ఎత్తులోగానీ కాస్త కిందనుంచిగానీ రావాలి. ముందుకు తిరిగిన సీటులో భుజాల ఎత్తులోగానీ కాస్త పైనుంచిగానీ రావాలి. బిగించాక భుజం దగ్గర పట్టీని రెండు వేళ్లతో నిలువుగా పట్టి మడత పెట్టి చూడండి. మడత పడిందా... ఇంకా వదులుగా ఉన్నట్టే.

పొత్తిగుడ్డల్లో చుట్టి, దళసరి స్వెట్టరు వేసి కూర్చోబెడితే పట్టీలు బిగినట్టే అనిపిస్తాయి. ప్రమాదంలో ఆ గుడ్డ నొక్కుకుపోయి పట్టీలు వదులైపోతాయి. అందుకే పల్చటి బట్టలతో పట్టీలు బిగించి, చలేస్తే పైనుంచి దుప్పటి కప్పండి. బారసాలకు బయల్దేరినా పట్టు పరికిణీ అక్కడికెళ్లాక వేయొచ్చు. సీటుతో రాని దిండ్లు, మెత్తలు ఇంట్లోవి పెట్టకండి.

మన ఎండల సంగతి తెలిసిందే. నీడలేని చోట ఆపిన కారులో బకిళ్లు కాలిపోతుంటాయి. ముందు చేత్తో తాకి చూడండి. 'రెండు నిమిషాల్లో వచ్చేస్తా' అని పిల్లల్ని కారులో వదిలి మాత్రం వెళ్లొద్దు. అద్దం కాస్త దించినా సరే. పెద్దలకంటే పిల్లల ఒళ్లు చాలా త్వరగా వేడెక్కిపోతుంది. దూర ప్రయాణాల్లో రెండు గంటలకోసారి ఆగి, దించి, కాసేపు ఎత్తుకోండి. రోజుల పిల్లలైతే ఇంకా త్వరగా ఆగాలి. ఇల్లు చేరాక నిద్రపోతోంది కదా అని సీటులోనే ఉంచకుండా మంచం మీదికి మార్చండి.

ఏడిస్తే ఏం చేయాలి?

సీటు కొన్న చాలా ఇళ్లలో అది మూడో వారానికల్లా అటక ఎక్కడానికి కారణం ఒకటే... ఏడుపు! పిల్ల గుక్కపెడుతుంటే నాన్న స్టీరింగు మీద చిరాకుపడతాడు. నానమ్మ 'పసిదాన్ని కట్టేసి ఏం ప్రయాణమే, ఇలా ఇవ్వు' అంటుంది. అమ్మ మనసు కరిగిపోతుంది. ఒక్కసారి తీశారో... ఏడిస్తే తీస్తారని పాపాయికి అర్థమైపోతుంది.

• ఆస్పత్రి నుంచి ఇంటికొచ్చే మొదటి ప్రయాణం నుంచే మొదలుపెట్టండి. అలవాటైన పిల్లలకు అది కట్టేయడం కాదు, కారంటే అంతే.

• కాస్త పెద్ద పిల్లలైతే సీటును వారంపాటు హాల్లో ఉంచండి. కూర్చుని ఆడుకోనివ్వండి. బొమ్మను కూర్చోబెట్టి పట్టీలు పెట్టించండి.

• మొదట వీధి చివరిదాకా, తర్వాత పార్కుదాకా... చిన్న ప్రయాణాలతో అలవాటు చేయండి.

• తీయాల్సి వస్తే కారు పక్కకు ఆపాకే తీయండి. పాలు పట్టినా, డైపర్ మార్చినా అంతే. కదిలే కారులో పట్టీ విప్పేది లేదు. ఈ నియమానికి పండగా, పెళ్లీ మినహాయింపు కాదు.

• పెద్దవాళ్లు ముందు బెల్టు పెట్టుకోండి. వెనక కూర్చున్న అమ్మమ్మలు, తాతయ్యలు కూడా. మీరు పెట్టుకోనిదాన్ని పిల్లలు ఎందుకు పెట్టుకుంటారు?

నాన్న ఒళ్లో కూర్చుని స్టీరింగు తిప్పడం, ముందు సీట్ల మధ్య నిలబడటం, సన్‌రూఫ్‌లోంచి తల బయటపెట్టి చేతులూపడం... ఫొటోలకు ముద్దుగానే ఉంటాయి. సడన్ బ్రేకుకు మాత్రం ఆ ముద్దు తెలియదు.

అద్దె కారైతే? క్యాబుల్లో సీటు దొరకడం అరుదు. దూర ప్రయాణమైతే మీ సీటునే వెంట తీసుకెళ్లి బిగించుకోండి. అయిదు నిమిషాల పని. బూస్టరైతే చంకలో పెట్టుకెళ్లేంత తేలిక. కొత్త కారు కొనేవాళ్లకు ఇంకో మాట. 2023 అక్టోబరు నుంచి అమల్లో ఉన్న భారత్ ఎన్‌క్యాప్ పరీక్షల్లో పిల్లల భద్రతకు వేరుగా మార్కులిస్తున్నారు. పెద్దల నక్షత్రాలతోపాటు పిల్లల నక్షత్రాలు కూడా ఎన్నో షోరూంలో అడగండి.

ఈసారి శంషాబాద్‌కు వెళ్లేముందు అమ్మమ్మ చేయాల్సింది పెద్దగా ఏమీ లేదు. అల్లుడికో కొడుక్కో చెప్పి ముందురోజే సీటు బిగించి ఉంచమనాలి. పాపను అందులో కూర్చోబెట్టి, పక్కనే తను కూర్చుని, తన బెల్టు తను పెట్టుకోవాలి. ఎయిర్‌పోర్టు దాటేలోపే మనవరాలు అమ్మమ్మ వేలు పట్టుకుని నిద్రపోతుంది. 

ఇల్లు చేరాక ఒడి ఎలాగూ ఉంది. క్షేమంగా చేరడమే ముఖ్యం.